అన్‌ఫిట్ బస్సుకు డిపెండెంటు ఎవరు?

నేను అద్దం ముందు నిలబడి లేని మీసాలు దువ్వుకుంటున్న కాలంలో, మా బొగ్గుబాయిల దిక్కున 'ఫిట్' అనే మాట కంటే 'అన్‌ఫిట్' అనే మాటకే గౌరవం ఎక్కువ. మిగతా లోకంలో అది తిట్టేమో, మా దగ్గర మాత్రం వరం. ఏళ్ల తరబడి బాయిలోకి దిగి ఊపిరి పోగొట్టుకున్న మనిషిని డాక్టర్ల బోర్డు పరీక్ష చేసి 'ఇతను ఇక పనికి అన్‌ఫిట్' అని తేల్చితే, అతని జాగాలో అతని కొడుక్కి నౌకరీ ఇచ్చేవారు. ఆ కొడుకుని డిపెండెంటు అంటారు. పెళ్లి సంబంధాల దగ్గర "పిలగాడు ఏం జేస్తడు?" అని అడిగితే "ఏం జెయ్యడు గని, వాళ్ల బాపు దగ్గు జోరుగున్నది" అని చెప్పేవాళ్లు. అది వినగానే పిల్ల తల్లి మొహం వెలిగిపోయేది. (నా మాట నమ్మకపోతే మా దిక్కున ఏ ముసలమ్మనైనా అడగండి. ఆమె ఇంకో నాలుగు కలిపి చెబుతుంది.)

ఈ విద్యలో మా ఊరికంతటికీ గురువు దగ్గుల తాత. ఆయన దగ్గు నిజమైనదే, అందులో అనుమానం లేదు. కానీ బోర్డు ముందు నిలబడిన రోజున దానికి కొంచెం సంగీతం కలిపాడని చెప్పుకునేవారు. మొదట సన్నగా మొదలై, నడుమ మెలికలు తిరిగి, చివరికి గోడమీది క్యాలెండర్ ఊగేదాకా పోయేదట. డాక్టరు స్టెతస్కోపు పెట్టకముందే "చాలు తాతా, చాలు" అన్నాడట. ఆ తర్వాత బోర్డుకు పోయేవాళ్లంతా ముందు తాత గడపలో కూర్చుని నాలుగు దగ్గులు నేర్చుకుని పోయేవారు. తాత జాగాలో ఆయన కొడుకు బాయిలోకి దిగాడు. తాత గుమ్మం ముందు నులక మంచం మీదికి ఎక్కాడు.

ఇక బస్సు సంగతి. మా ఊరికి ఒకే ఒక్క ఎర్ర బస్సు. సాయంత్రం మంచిర్యాల నుంచి వచ్చి రాత్రి మా ఊళ్లోనే పడుకుని, పొద్దున్నే జనాన్ని ఎక్కించుకుని మళ్లీ మంచిర్యాల పోయేది. అది ఎప్పటిదో ఎవరికీ తెలియదు. మా బాపు పెళ్లికి అదే బస్సులో పోయామని మా మేనత్త అనేది. బాపు మాత్రం, "గప్పటికే అది పాతది" అనేవాడు. దాన్ని నడిపే డ్రైవరును మేమంతా గేర్ల మామ అని పిలిచేవాళ్లం. గేరు కర్ర అప్పుడప్పుడూ ఊడి ఆయన చేతిలోకి వచ్చేది. ఆయన ఏమాత్రం కంగారు పడకుండా దానితో వీపు గోక్కుని, మళ్లీ దాని జాగాలో గుచ్చి, రెండో గేరు వేసేవాడు. పొద్దున బస్సు తనంతట తాను స్టార్టయిన రోజున ఊళ్లో అందరూ అనుమానంగా ఆకాశం వైపు చూసేవారు. మామూలుగా అయితే మగవాళ్లంతా దిగి తోయాలి. బస్సుకు టికెట్టు కొనుక్కుని బస్సునే మోసుకుపోయే ఊరు మాది ఒక్కటే అని నేను కాలేజీలో గొప్పగా చెప్పుకునేవాడిని. (కాలేజీ అంటే డిగ్రీ. అందులో నేను పాసైన సబ్జెక్టుల కన్నా చెప్పిన కథలే ఎక్కువ.)

నా వెనకాలే మా చెల్లె కూడా అదే బస్సులో ఇంటర్మీడియట్‌కు వచ్చేది. దానికి ఒక ప్రత్యేకమైన సీటు ఉండేది. ఆ సీటు కింద రేకును తుప్పు తినేసి, తలకాయంత కంత పడింది. వేరేవాళ్లు అక్కడ కూర్చోవడానికి భయపడేవారు కనుక అది ఎప్పుడూ ఖాళీగా ఉండేది. కంత మీద ఒక గోనెసంచి పరిచి, దానిమీద కాళ్లు పెట్టుకుని చదువుకునేది మా చెల్లె. ఒకసారి ఆ కంతలోంచి తొవ్వ మీది కోడిపిల్ల లోపలికి ఎగిరి, టికెట్టు లేకుండానే మంచిర్యాలలో దిగిపోయిందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. చెల్లె మాత్రం ఒప్పుకోదు.

ఒకనాటి సాయంత్రం గేర్ల మామ బస్సు ఆపి, హోటలు ముందు బల్ల మీద కూలబడ్డాడు. చాయ్ తెచ్చిస్తే తాగలేదు.

"ఏమైంది మామా, గట్ల గూసున్నవ్?" అన్నాను.

"ఏమున్నదిరా అల్లుడా. ఎల్లుండి కరీంనగర్ నుంచి ఇంజనీరు సారు అస్తుండు. మన బస్సుల గూసోని, మంచిర్యాల దాంక చూస్తడట. చూసి అన్‌ఫిట్ అన్నడనుకో, ఇది సీదా గుజిరికే."

పాత సామాన్లు కొనేవాడి దగ్గరికి పోవడమంటే మా దగ్గర గుజిరికి పోవడం. మేమంతా ఒక్కసారి చల్లబడ్డాం. "పోతే పోనీ, కొత్తది ఇస్తరు గద?" అన్నారెవరో.

"కొత్తయన్ని పెద్ద తొవ్వలకే పోతున్నయి. మన డిపోల ఇసొంటి తొవ్వల బస్సు గుజిరికి పోయిందంటే రూటే బంద్. ఇప్పటికే రెండూర్లకు బందైంది," అన్నాడు మామ.

ఆ రాత్రి మా ఇంట్లో అన్నాల దగ్గర బాపు ఒక్క మాట చెప్పాడు. గొంతు పెంచలేదు. గొంతు పెంచితే అవ్వ (మా దిక్కున అమ్మనే అవ్వ అంటాం) జవాబిచ్చేది, ఏదో ఒకటి తేలేది. మెల్లగా చెప్పాడు కనుక అదే ఖాయమైపోయింది.

"బస్సున్నన్ని దినాలు సదివింది. బస్సు బందైతే పొల్లను అడివి తొవ్వల నడిపిచ్చుడు నాతోని గాదు. ఇంట్ల గూసోని అవ్వతోని బీడీలు చేసుకుంటది."

"అన్న పోతడు గద బాపూ? అన్న ఎట్ల పోతడు?" అంది చెల్లె.

"వాడు పోయినా ఒకటే, పోకున్నా ఒకటే," అన్నాడు బాపు. (నా చదువు మీద మా ఇంట్లో ఉన్న అభిప్రాయం అది. నేను తలవంచుకుని పప్పు కలుపుకున్నాను.)

చెల్లె కంచం ముందు నుంచి లేచిపోయింది. తెల్లారే దగ్గుల తాత మంచం దగ్గర నిలబడింది. నేనూ వెంట పోయాను. సంగతంతా విని తాత గడ్డం గోక్కున్నాడు.

"నా దగ్గరికి అందరు ఫిట్ ఉండి అన్‌ఫిట్ గావాలని అచ్చిన్రు బిడ్డా. అన్‌ఫిట్ ఉన్నదాన్ని ఫిట్ జెయ్యిమని నువ్వొక్కదానివే అచ్చినవ్. ఇది ఉల్టా కేసు," అన్నాడు. తర్వాత మంచం మీద నుంచి లేచాడు. ఆయన లేవడం చూసి పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. "అయినా ఉల్టా అయితేంది, ఇద్య ఇద్యనే. ఒకటే పాఠం. బోర్డు ముంగట ఏది దాయాల్నో దాన్ని దాయాలె, ఏది సూపాల్నో దాన్ని సూపాలె. పాండ్రి."

ఆ సాయంత్రం బస్సు తిరిగి రాగానే ఊరు ఊరంతా దాని మీద పడింది. తుప్పు పట్టిన చోటల్లా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. రేకులు వేలాడే చోట బంతిపూల దండలు కట్టారు. పగిలిన అద్దానికి దేవుడి బొమ్మ అతికించారు. ముందు దీపాల్లో ఒకటి లేదు; అక్కడ అవ్వ ఇత్తడి చెంబు మూత తోమి బిగించింది, అసలు దీపం కన్నా అదే మెరిసింది. బస్సును ఎప్పుడూ నిలిపే చోట కాకుండా ఊరి బయట ఎత్తుగడ్డ మీద నిలిపారు, బ్రేకు వదిలితే చాలు దానంతట అదే దొర్లి స్టార్టయ్యేలా. గోనెసంచి మీద ఇంకో మంచి జంపఖానా పరిచి, "నువ్వు ఎంతకూ కాళ్లు లేపకు" అని చెల్లెకు చెప్పారు. ఇంజను నడుమ నడుమ దగ్గేది. దానికి ఏం చెయ్యాలో తోచక అందరూ తాత వైపు చూశారు.

"దాని దగ్గు నా మీదేసుకుంట," అన్నాడు తాత.

"మరి సారు అటూ ఇటూ చూస్తే?" అన్నాడు గేర్ల మామ.

అప్పుడు మా బాపు నా వైపు వేలు చూపించాడు. "వీణ్ని సారు పక్కపొంటి గూసోవెట్టున్రి. పుట్టినకాడికెల్లి కోతలే కోస్తుండు. గీ ఒక్కనాడన్న పనికస్తడు."

నా జీవితంలో నాకు దొరికిన మొదటి నౌకరీ అది. నేను రాత్రంతా సరిగ్గా నిద్రపోలేదు.

ఇంజనీరు సారు మరునాడు పొద్దున జీపులో దిగి, దాన్ని వెనక్కి పంపేశాడు. సన్నగా, తెల్ల చొక్కాలో, ఇంట్లో గొడవపడి వచ్చినవాడిలా ఉన్నాడు. బస్సును చూసి, "ఏందిది, పెండ్లికి వోతుందా?" అన్నాడు.

"మా ఊర్ల రోజు గిట్లనే సార్," అన్నాను. "దీన్ని మేం బస్సు లెక్క చూడం."

బ్రేకు వదిలారు. బస్సు గడ్డ మీద నుంచి దొర్లి, ఒకసారి వణికి, గుర్రుమని స్టార్టయింది. మగవాళ్లెవరూ దిగి తోయకుండానే అది కదలడం చూసి, అసలు సంగతి తెలిసి కూడా ఒక ముసలావిడ దండం పెట్టింది. సారు ముందు సీట్లో, పక్కన నేను, వెనక సీట్లో దగ్గుల తాత, ఆయన వెనక జంపఖానా మీద కాళ్లు బిగించి మా చెల్లె. తలుపు దగ్గర, ఆ రోజు బాయి షిఫ్టు మానేసి మరీ వచ్చిన మా బాపు.

వాగు దాటుతుంటే ఇంజను మొదటిసారి దగ్గింది. అదే క్షణంలో తాత అందుకున్నాడు. ఖళ్ళు ఖళ్ళుమని మొదలై, మెలికలు తిరిగి, పైకి పోయింది దగ్గు. ఇంజను దగ్గడం ఆపాక కూడా కాసేపు కొనసాగించి, "మాఫ్ జెయ్యిండ్రి సారూ, బాయిల పనిజేసిన పానం," అన్నాడు.

"పర్వాలేదు పెద్దాయనా," అన్నాడు సారు.

రెండోసారి ఇంజను దగ్గింది, తాత దగ్గాడు. మూడోసారి తాత కునుకు తీస్తుండడంతో కాస్త ఆలస్యమైంది. గేర్ల మామ అద్దంలోంచి గుడ్లు ఉరిమితే ఉలిక్కిపడి అందుకున్నాడు. సారు వెనక్కి తిరిగి, "పెద్దాయనా, మీ దగ్గు సీట్ల కింద నుంచి వస్తున్నట్టుంది," అన్నాడు.

"ముసలి దగ్గు సారూ, ఏడికెల్లి అస్తదో దానికే తెల్వదు," అన్నాడు తాత.

ఇక నేను ఊరుకుంటే కుదరదని మొదలుపెట్టాను. ఈ బస్సు ఒకసారి వాగులో నిండు వరదలో ఈదుకుంటూ ఒడ్డుకు చేరిందన్నాను. కాన్పు నొప్పులతో ఉన్న ఆడమనిషిని మంచిర్యాల దవాఖానాకు తీసుకుపోతూ రైలును దాటిపోయిందన్నాను. ఆసిఫాబాద్ అడవిలో పెద్దపులి అడ్డంగా నిలబడితే గేర్ల మామ ఒక్క హారన్ కొట్టాడనీ, ఆ పులి ఇప్పటికీ ఎర్ర రంగు చూస్తే పక్కకు తప్పుకుంటుందనీ అన్నాను. (పులి సంగతి చెప్పేటప్పుడు వెనక నుంచి బాపు దగ్గడం వినిపించింది. తాత దగ్గు కాదు. ఆపమని చెప్పే దగ్గు. నేను వినిపించుకోలేదు.) సారు మొదట కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పులి దగ్గర నా వైపు తిరిగాడు. రైలును దాటిన సంగతి మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. నా బతుకులో అంత శ్రద్ధగా నన్ను విన్న మనిషి అంతకుముందు లేడు. నేను ఇంకా రెచ్చిపోయి, ఎక్కడెక్కడి గుణాలో తెచ్చి ఆ బస్సుకు అంటగట్టాను.

పెద్ద తొవ్వ కనిపిస్తుండగా సారు తొడ మీద చెయ్యి చరిచాడు.

"మంచిది. గింత గట్టి బస్సును ఈ చిన్న తొవ్వల పెట్టుడెందుకు? మాకు బాసర యాత్రలకు బస్సులు తక్కువున్నయి. రేపటి నుంచి దీన్ని అటు తిప్పుత," అన్నాడు.

తాత దగ్గడానికి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. గేర్ల మామ చేతిలోకి గేరు కర్ర ఊడి వచ్చింది. ఆయన దాన్ని ఒళ్లో దాచుకున్నాడు. అన్‌ఫిట్ అయినా పోతుంది, ఫిట్ అయినా పోతుంది. ఊరంతా కలిసి అంత కష్టపడి, నా నోటితో దాన్ని స్వయంగా సాగనంపాం.

"సార్," అని వెనక నుంచి వినిపించింది.

మా చెల్లె లేచి నిలబడింది. జంపఖానా తీసింది. గోనెసంచి తీసింది. కింద కంతలోంచి తొవ్వ పరుగెత్తుతోంది.

"ఇగో, ఇది సూడున్రి సార్. ఇంజనుకు దగ్గున్నది, తాతకు గాదు. ముంగట దీపం గాదు, మా అవ్వ చెంబు మూత. మా అన్న చెప్పిన పులి లేదు, రైలు లేదు. బస్సు అన్‌ఫిట్."

"అరె పొల్లా, గూసో!" అన్నాడు బాపు తలుపు దగ్గర నుంచి.

అది కూర్చోలేదు. "ఈ తాత అన్‌ఫిట్ అయిన నాడు బాయి బంద్ వెట్టలే సార్. ఆయన జాగల ఆయన కొడుకును దింపిన్రు. బస్సు అన్‌ఫిట్ అయితె తొవ్వ బంద్ వెడ్తరా? దీని జాగల దీని డిపెండెంటును ఇయ్యాలె గద?"

"బస్సుకు డిపెండెంటు ఏందమ్మా?" అన్నాడు సారు.

"ఎందుకుండదు సారూ?" అని తాత అందుకున్నాడు. ఈసారి దగ్గలేదు. "ఇది నాకంటె ఎక్కువ దినాలు డ్యూటీ జేసింది. ఒక్కనాడు నాగా పెట్టలే. మేం తోస్తే తోసినం గని, నాగా పెట్టలే."

సారు ఏం చెప్పేవాడో మాకు తెలియదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే బస్సు ఆగిపోయింది. గేరు కర్ర మామ ఒళ్లో ఉంటే అది ఎంత దూరమని పోతుంది! అలవాటు కొద్దీ మగవాళ్లంతా దిగి వెనక్కి పోయారు. వాళ్ల వెనకే సారు కూడా దిగాడు. తెల్ల చొక్కా చేతులు మడిచి, మా బాపు పక్కన భుజం ఆనించి తోశాడు. ఎర్ర దుమ్ము లేచింది. పసుపు, కుంకుమ, బంతిపూలు ఆయన చొక్కాకు అంటుకున్నాయి. బస్సు కదలలేదు. ఆయన వెనక్కి జరిగి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఆయాసపడుతూ ఒకే ఒక్క మాట అన్నాడు.

"అన్‌ఫిట్."

మా వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. తాత చేతులు పైకెత్తి సారును దీవించాడు. తొవ్వ మీద పోతున్న లారీ డ్రైవరు ఆపి, "ఏమైందన్నా, ఎవలు గెలిచిన్రు?" అని అడిగాడు. సారుకు మాత్రం, తన బస్సు చెడిపోయిందంటే జనం ఎందుకు సంబరపడుతున్నారో అర్థం కాలేదు. గేర్ల మామ ఆయన్ని పక్కకు తీసుకుపోయి, బోర్డు, దగ్గు, కొడుకు, నౌకరీ అంతా వివరించాడు. విన్నాక ఆయన తల పట్టుకుని రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని నవ్వాడు. ఇంట్లో గొడవపడి వచ్చిన మొహం అప్పుడు పోయింది. వేరే బండి ఆపి ఎక్కుతూ చెల్లెతో, "చూస్త," అన్నాడు. అంతే. ఇస్తానని అనలేదు.

మరునాడు లారీ వచ్చి బస్సును తాడు కట్టి లాక్కుపోయింది. తాత పెద్ద తొవ్వ దాకా నడిచి పోయి, దాని వెనక రేకును అరచేత్తో తట్టి, "పో, ఇగ రెస్టు తీస్కో," అన్నాడు.

ఆ తర్వాత రోజులు మెల్లగా నడిచాయి. అవ్వ చెల్లె ముందు బీడీల చాట పెట్టింది. అది ఆకు కత్తిరిస్తూ పుస్తకం ఒళ్లో పెట్టుకునేది. రెండూ సరిగ్గా సాగేవి కాదు. నేను అడవి తొవ్వన నడిచి కాలేజీకి పోయేవాడిని. పోయినా ఒకటే, పోకున్నా ఒకటే కనుక. బాపు చెల్లె వైపు చూసేవాడు కాదు. హోటలు దగ్గర ఎవరైనా "నీ బిడ్డ మస్తు మాట్లాడిందే!" అంటే చాయ్ సగంలో వదిలి లేచిపోయేవాడు.

ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, ఊరి బయట హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు. మా ఊళ్లోకి వచ్చేదాన్ని హారన్‌తో గుర్తుపట్టే అలవాటు మాకు లేదు, పాతదానికి హారన్ ఉండేది కాదు కదా. (పులి సంగతి చెప్పినప్పుడు ఆ సారుకు ఈ అనుమానం ఎందుకు రాలేదో!) రెండోసారి మోగాక పిల్లలు ఉరికారు. బస్సు. కొత్తదేం కాదు, ఎక్కడో పెద్ద తొవ్వల మీద తిరిగి కొంచెం అలసిపోయినదే. కానీ కింద కంత లేదు. గేరు కర్ర గట్టిగా ఉంది; గేర్ల మామ దాన్ని పట్టుకుని ఊపి ఊపి మాకందరికీ చూపించాడు. "అచ్చిండు!" అన్నాడు కిందికి దూకి. "డిపెండెంటు అచ్చిండు!" ఆ పేరే స్థిరపడిపోయింది. తర్వాత చాలా ఏళ్లు, మంచిర్యాల బస్టాండులో మా ఊరి ఆడవాళ్లు "డిపెండెంటు ఎన్నిగంటలకు బిడ్డా?" అని అడిగితే కొత్త ఉద్యోగులు పరేషానయ్యేవారు.

మర్నాడు పొద్దున ఊరంతా ఎక్కడానికి ఎగబడింది. చుట్టుపక్కల ఊళ్లకు బస్సు లేదని ఆ జనం కూడా నడిచి వచ్చారు. చెల్లె పుస్తకాలు గుండెకు అదుముకుని గుంపు వెనక నిలబడింది. పోవాలో వద్దో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, అదీ అడగలేదు. అప్పుడు మా బాపు, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ముఖం మీద ఇంకా బొగ్గే ఉంది, గుంపును మోచేతులతో తోసుకుంటూ బస్సు పక్కకు పోయాడు. భుజం మీది తువాల తీసి, కిటికీలోంచి లోపలికి విసిరాడు. సీటు మీద తువాల పడితే ఆ సీటు ఆ మనిషిదే, మా దిక్కున కోర్టు కూడా దాన్ని మార్చలేదు.

"ఎవలికే గా సీటు?" అని లోపల నుంచి ఒకావిడ కేకవేసింది.

"నా బిడ్డకు," అన్నాడు బాపు. "కాలేజికి వోతది."

అటునుంచి అటే ఇంటికి పోయి పడుకున్నాడు.

చెల్లె ఇప్పుడు కరీంనగర్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. బాపు తర్వాత అన్‌ఫిట్ అయ్యాడు, ఆ నౌకరీ నాకు వచ్చింది, నా నోటికి తగిన పని మాత్రం మళ్లీ దొరకలేదు. మొన్న చెల్లె ఇంటికి పోదామని మంచిర్యాల బస్టాండులో నిలబడ్డాను. కొత్త బస్సు వచ్చింది. చప్పుడు లేదు, పొగ లేదు. పిల్లిలా వచ్చి పక్కన నిలబడింది. జనం ఒక్కసారి తలుపు వైపు ఉరికారు. నా చెయ్యి దానంతట అదే భుజం మీదికి పోయింది. భుజం మీద తువాల లేదు. ఉన్నా విసరడానికి కిటికీ తెరుచుకోదు, అంతా ఒకటే నల్లటి అద్దం. ఆ అద్దంలో ఒక బట్టతల మనిషి, పొట్ట మీద చొక్కా బిగుసుకుపోయి, ఏదో పోగొట్టుకున్నవాడిలా భుజం తడుముకుంటున్నాడు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఇద్దరం లోపలికి ఎక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి.